తూకం చెప్పే తీరు

అంగన్‌వాడీలో బిడ్డను తూచగానే "బరువు లేదేంటి, పాలు సరిగ్గా పట్టడం లేదా?" అని అందరి ముందూ అడిగేస్తే బాలింత కుంగిపోతుంది. సాయంత్రానికి ఇంట్లోకి డబ్బాపాలు వచ్చేస్తాయి. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ కొంత బరువు తగ్గడం, రెండు వారాల్లో తిరిగి పుంజుకోవడం సహజం. ఈ మాట ముందే చెప్పాలి. పక్కింటి బిడ్డతో పోలిక అసలే వద్దు. పోల్చాల్సింది 2006 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల ప్రమాణాలతోనే; అవి తల్లిపాలు తాగే పిల్లల ఎదుగుదలనే ఆధారం చేసుకున్నాయి. బిడ్డ ఎదుగుదల కార్డులో బరువు గీత నెలనెలా ఎటు సాగుతోందో తల్లికి వేలితో చూపించాలి. గీత పైకి సాగకపోయినా, కిందికి దిగుతున్నా మాత్రం దాచకూడదు. "అమ్మా, పోయిన నెల నుంచి బరువు పెరగలేదు, డాక్టరుకు చూపిద్దాం, నేనూ వస్తాను" అనాలి. తండ్రినీ, అత్తగారినీ కూర్చోబెట్టి చెబితే నింద ఒక్క తల్లి మీదే పడదు. తూకం యంత్రాలిచ్చిన ప్రభుత్వాలు అంగన్‌వాడీ టీచర్లకు ఇలా మాట్లాడటంలోనూ శిక్షణ ఇవ్వాలి.