విరాళం లెక్క గంటల్లో చెప్పండి

ఏప్రిల్ 2 ప్రపంచ ఆటిజం అవగాహన దినం. ఐక్యరాజ్యసమితి 2007లో నిర్ణయిస్తే 2008 నుంచి జరుపుకుంటున్నారు. ఆ రోజు దగ్గర పడిందంటే మన ఫోన్లలో నీలం రంగు బొమ్మలు, ఉదయపు నడకలు, విందుల పిలుపులు మొదలవుతాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపే ఫోటోల్లో అయితే ఇంకా హంగామా. హోటల్ హాలు, వేలాడే దీపాలు, కంచిపట్టు చీరలు, వేలంపాటకి పెట్టిన పెయింటింగులు, చివర్లో పెద్ద అంకె వేసిన అట్ట చెక్కు. వెనక బ్యానర్ మీద ‘ఆటిజం పరిశోధన కోసం, కుటుంబాల కోసం’ అని ఉంటుంది.

వీటి గురించి మన ఆడవాళ్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఎంత మంచి పనో అని. రెండోది, నగలు చూపించుకోడానికి ఇదో సాకు అని. నాకు రెండూ సగం సగం నిజాల్లాగే కనిపిస్తాయి.

సాకు అనేవాళ్లకి ముందు ఒక మాట. తళుకుతో డబ్బు పోగుచేయడం మనకి కొత్త కాదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టుకుని వీధుల్లో తిరిగారు. 2014లో హుద్‌హుద్ తుపానుకి సినిమావాళ్లంతా ‘మేము సైతం’ అంటూ ఆడి పాడారు. 2025 ఫిబ్రవరి 15న విజయవాడలో ఎన్టీఆర్ ట్రస్టు తలసేమియా పిల్లల కోసం తమన్ సంగీత కచేరీ పెట్టింది. పాట కోసం వచ్చినవాడి జేబులోంచి పిల్లల కోసం పది రూపాయలు రాలితే తప్పేముంది? పట్టుచీర కట్టుకుని ఇచ్చినా, నూలు చీర కట్టుకుని ఇచ్చినా రూపాయి విలువ ఒకటే.

అయితే తలసేమియాకీ ఆటిజానికీ ఒక తేడా ఉంది. తలసేమియా బిడ్డకి కావలసింది రక్తం. ఎన్ని యూనిట్లు ఎక్కించారో లెక్క చెప్పొచ్చు. ఆటిజం ఇంజక్షన్‌తో తగ్గే జబ్బు కాదు. అది ఆ బిడ్డ మెదడు పనిచేసే తీరు. ఆ బిడ్డకి కావలసింది ఓపిగ్గా పక్కన కూర్చుని మాట నేర్పే మనిషి, అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం నేర్పే మనిషి. అంటే కావలసింది గంటలు. ఆ గంటలు ఇప్పుడు ఎవరు పోస్తున్నారు? ముక్కాలు మువ్వీసం అమ్మే.

మా తోటికోడలి కొడుక్కి తొమ్మిదేళ్లు. ఇక్కడే సనత్‌నగర్‌లో మా వెనక వీధిలో ఉంటారు. వారానికి అయిదు రోజులు ఆటోలో అమీర్‌పేట వైపు థెరపీకి తీసుకెళ్తుంది. సిట్టింగ్‌కి 700. ఆటో కాకుండానే నెలకి 14,000 దాటుతుంది. తెలంగాణలో 2023 నుంచి దివ్యాంగుల పింఛను నెలకి 4,016. అది వచ్చినా అయిదు సిట్టింగులకి సరి. నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ బీమా ఏడాదికి లక్ష దాకా ఉంది గానీ, థెరపీకి అందులో కొంత భాగమే.

డబ్బు సంగతి అలా ఉంచండి. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఆమె వచ్చి ఆరేళ్లయింది. మిక్సీ తిప్పితేనే చెవులు మూసుకునే పిల్లవాణ్ణి ఆ డప్పుల్లోకి తీసుకెళ్లలేదు, వదిలి రానూ లేదు. ఒక స్కూలు మూడో నెలలోనే ‘మా దగ్గర సర్దుకోలేడమ్మా’ అనేసింది. గుర్తింపు పొందిన బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉందని ఆ రోజు ఎవరికి చెప్పుకోవాలి?

ఇప్పుడు ఆ హోటల్ హాలుని ఇంకోసారి చూడండి. చెవులు పగిలే స్పీకర్లు, కళ్లు చెదిరే లైట్లు, రాత్రి పది దాకా కార్యక్రమం. ఎవరి పేరు మీద ఈ సందడి చేస్తున్నారో ఆ పిల్లలు అక్కడ పది నిమిషాలు కూర్చోలేరు. పిల్లలు లేరు గనక వాళ్ల అమ్మలూ ఉండరు. ఒకరిద్దర్ని స్టేజి ఎక్కించినా కన్నీళ్లు పెట్టించడానికే. 2009లో అమెరికాలో ఆటిజం స్పీక్స్ అనే పెద్ద సంస్థ ఒక వీడియో తీసింది. అందులో ఆటిజమే మనిషి గొంతుతో మాట్లాడుతూ, మీ కాపురాలు కూలుస్తాను, మీ డబ్బు మింగేస్తాను అన్నట్టు బెదిరిస్తుంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లే రోడ్డెక్కారు. మమ్మల్ని దొంగల్లా, దయ్యాల్లా చూపించి చందాలు అడుగుతారా అని నిలదీశారు. చివరికి ఆ వీడియో తీసేయాల్సి వచ్చింది. భయపెడితే చందా ఎక్కువ రావచ్చు. కానీ ఆ భయం చూసినవాళ్లే రేపు మన అపార్ట్‌మెంట్‌లో ఆ బిడ్డని లిఫ్టులో చూసి తమ పిల్లల్ని వెనక్కి లాక్కుంటారు.

అలాగని డబ్బంతా కుటుంబాలకే ఇవ్వండి, పరిశోధన దండగ అనను. ఆడవాళ్లం మనం ఆ మాట అసలు అనకూడదు. 1940, 50ల్లో పేరున్న డాక్టర్లే తల్లి ప్రేమ చల్లబడితే బిడ్డకి ఆటిజం వస్తుందని నమ్మారు. ఫ్రిజ్ లాంటి తల్లులు అని పేరు కూడా పెట్టారు. 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తానూ అలాంటి బిడ్డకి తండ్రే, ఇది పుట్టుకతో మెదడుకి సంబంధించిన సంగతి అని పుస్తకం రాశాడు. ఆ తర్వాతి పరిశోధనలు తల్లుల మీది నిందని తుడిచేశాయి. శాస్త్రం తుడిచేసింది గానీ మన ఇళ్లలో ఇంకా పోలేదు. ‘ఫోన్ చేతికిచ్చావు’, ‘కడుపుతో ఉండి ఉద్యోగానికి తిరిగావు’, ‘గ్రహణం నాడు బయటికొచ్చావేమో’... మా తోటికోడలు ఇవన్నీ విన్నది.

మన ఊళ్లోనూ పరిశోధన ఉంది. ఆటిజం ఉందా, ఎంత ఉందా అని తేల్చడానికి దేశమంతా వాడుతున్న 40 ప్రశ్నల కొలమానం, ఐసా, తయారైంది ఎక్కడో కాదు, సనత్‌నగర్‌కి కూతవేటు దూరంలో బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో. 1984లో పెట్టిన ఆ జాతీయ సంస్థని ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనానికి దేశంలో ఎంచుకున్న అయిదు చోట్లలో హైదరాబాద్ ఒకటి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి మెదడు ఎదుగుదలకి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది ఉందని అది చెప్పింది. ఆటిజం అందులో ఒకటి. ఇలాంటి పరిశోధనకి డబ్బు కావాలి. నా పేచీ ఒక్కటే. బ్యానర్ మీద ‘కుటుంబాల కోసం’ అని రాస్తే, కుటుంబాలకి ఎంత వెళ్లిందో విడిగా చెప్పాలి.

అది కూడా రూపాయల్లో కాదు, గంటల్లో చెప్పమంటాను. పది లక్షలు వసూలైతే, సిట్టింగ్‌కి 700 చొప్పున 1,400 పైచిలుకు సిట్టింగులు. వారానికి అయిదు చొప్పున అయిదుగురు పిల్లలకి ఏడాది గడుస్తుంది. లక్షలు అన్నప్పుడు ఘనంగా వినిపించిన అంకె, అయిదుగురు పిల్లలు అనేసరికి నేల మీదకి వస్తుంది. అప్పుడే మంచి ఆలోచనలూ వస్తాయి. అయిదుగురికి సిట్టింగులు కొనే బదులు యాభై మంది అమ్మానాన్నలకి ఇంట్లోనే నేర్పే పద్ధతులు శిక్షణ ఇప్పిస్తే? ప్రపంచ ఆరోగ్య సంస్థ అందుకే ఒక శిక్షణ కార్యక్రమం తయారుచేసింది. ఆదివారం మూడు గంటలు పిల్లల్ని చూసుకునే మనుషుల్ని పెడితే? ఆ మూడు గంటల్లో ఒక అమ్మ నిద్రపోతుంది, ఒకావిడ పుట్టింటికి వెళ్లొస్తుంది, ఒకావిడ తన బీపీ చూపించుకుంటుంది. పద్దెనిమిది నిండాక ఆ బిడ్డకి సంరక్షకులుగా ఉండటానికి తల్లిదండ్రులు కూడా జిల్లా కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. ఆ కాగితాలు నింపిపెట్టే మనిషి ఒకరుంటే? ‘నా తర్వాత వీడెలా’ అనే ప్రశ్నకి జీవితాంతం ఉండే ఇళ్లు ఎన్ని కట్టినా చాలవు.

కాబట్టి ఈసారి ఎవరైనా మీకు అలాంటి విందు టికెట్ అమ్మితే కొనండి. మంచి చీరే కట్టుకోండి. డబ్బు ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి. హోటల్ ఖర్చు పోగా మిగిలేదెంత? అది ఎన్ని గంటలు, ఎంతమందికి? మీ కమిటీలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు గానీ, అలాంటి పిల్లల అమ్మలు గానీ ఎంతమంది ఉన్నారు? మంచి సంస్థ అయితే ఈ ప్రశ్నలకి నొచ్చుకోదు, సంతోషంగా చెబుతుంది.

టికెట్ కొనే స్తోమత లేనివాళ్లం ఎక్కువమందిమి. మన దగ్గర గంటలున్నాయి. మీ మెట్ల మీదో, మీ వీధిలోనో అలాంటి అమ్మ ఒకరు ఉండే ఉంటారు. ‘ఏదైనా కావాలంటే చెప్పు’ అని వదిలేయకండి, ఆమె చెప్పదు. ‘శనివారం నాలుగింటికి వస్తాను, బాబుకి ఏది ఇష్టమో, ఏది పడదో నాకు నేర్పు’ అనండి. రెండు మూడు వారాలు ఆమె ఇంట్లో ఉండగానే వెళ్లండి. పిల్లవాడికి మీరు అలవాటయ్యాక ఆమెని బయటికి పంపండి.