ఇంట్లో ఎవరున్నారు?

నాలుగు వారాలు మస్కట్‌లోని ఒక బోధనాసుపత్రిలో రోగిగా గడిపాను. గుండె కవాటానికి ఇన్‌ఫెక్షన్. ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్ అనే ఈ జబ్బుకు మందు వారాల తరబడి రక్తనాళంలోకి ఎక్కించాలి. మొదటి వారం గడిచాక జ్వరం దిగుతుంది. రోగి లేచి కూర్చుంటాడు, మాట్లాడగలుగుతాడు, కానీ ఎక్కడికీ పోలేడు. ఛాతీ మీద స్టెతస్కోపు ఆనిస్తే మర్మర్ స్పష్టంగా వినిపిస్తుంది. గోళ్ల కింద సన్నని రక్తపు గీతలు కనిపిస్తాయి. వైద్యవిద్యార్థికి ఇంతకన్నా మంచి 'కేసు' దొరకదు. దానికి తోడు ఈ కేసు తానే వైద్యుడు కావడంతో ప్రశ్నలకు పాఠ్యపుస్తకం వరసలోనే జవాబులు చెబుతాడు. అందుకే నా మంచం చుట్టూ ఎప్పుడూ శిక్షణలో ఉన్న పిల్లలే.

నాకు కోపం రాలేదు. కోపగించుకునే హక్కు కూడా లేదు. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో నేను వైద్యం నేర్చుకున్నది పేదవాళ్ల శరీరాల మీదే. కొమ్మూరి వేణుగోపాలరావు 'హౌస్ సర్జన్' చదివి, ఆ తెల్లకోటు మీద మోజుతో వైద్యవిద్యలోకి వచ్చిన తరం మాది. పరీక్షల ముందు ఒక్కొక్క రోగి పొట్టను పదిమందిమి నొక్కి చూసేవాళ్లం. వాళ్లలో ఒక్కరి పేరైనా ఇప్పుడు గుర్తు లేదు, జబ్బుల పేర్లు మాత్రం గుర్తున్నాయి. విద్యార్థులను తరగతి గది నుంచి వార్డుకు తీసుకువెళ్లిన విలియం ఆస్లర్‌కు ఈ ఎండోకార్డైటిస్ మీద ప్రత్యేక శ్రద్ధ ఉండేది. 1885లో లండన్‌లో ఆయన ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసాలు దీని గురించే. వేళ్ల చివర నొప్పి పెట్టే చిన్న బుడిపెలకు ఆయన పేరే ఉంది. నా వేళ్లకు అవి వచ్చాయా అని పిల్లలు రోజూ వెతికేవారు, లేవని తెలిసి కొంచెం నిరాశపడేవారు.

ఒమాన్‌లో ఈ దృశ్యానికి ఇంకో అర్థం కూడా ఉంది. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం మొదలయ్యేదాకా ఈ దేశంలో వైద్యకళాశాల లేదు. స్పెషాలిటీ శిక్షణ కోసం ఒమాన్ మెడికల్ స్పెషాల్టీ బోర్డు ఏర్పడింది 2006లో. నేను నిజ్వాకు వచ్చిన కొత్తలో రౌండ్స్‌లో నడిచేవాళ్లలో ఎక్కువమంది భారతీయులు, ఈజిప్షియన్లు, సూడానీయులు. ఇప్పుడు నా మంచం చుట్టూ నిలబడిన వాళ్లందరూ ఒమానీ పిల్లలు, అందులోనూ ఆడపిల్లలే ఎక్కువ. చేతిలో ఉన్న పనిని తర్వాతి వాళ్లకు అప్పజెప్పాక కలిగే తృప్తి ఒకటి ఉంటుంది. జ్వరంలోనూ నాకది తెలిసింది.

ఆ నాలుగు వారాల్లో చదివిన పుస్తకం అబ్రహాం వర్గీస్ 'ది టెన్నిస్ పార్ట్‌నర్'. 1998లో వచ్చింది. అప్పట్లో ఒకసారి చదివాను. వర్గీస్ అంటే మనవాళ్లకు 'కటింగ్ ఫర్ స్టోన్' నవలే గుర్తొస్తుంది. ఇది నవల కాదు, ఆయన బతుకులోని ఒక భాగం. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన ఈ అంటువ్యాధుల నిపుణుడు టెక్సాస్‌లోని ఎల్ పాసోలో ఆచార్యుడిగా చేరతాడు. ఆయన వివాహం అప్పటికే విచ్ఛిన్నమవుతోంది. అక్కడ డేవిడ్ అనే వైద్యవిద్యార్థి పరిచయమవుతాడు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ కుర్రవాడు ఒకప్పుడు వృత్తిరీత్యా టెన్నిస్ ఆడినవాడు, కొకెయిన్ వ్యసనం నుంచి బయటపడే ప్రయత్నంలో ఉన్నవాడు. కోర్టులో అతడు గురువు, వార్డులో ఈయన గురువు. ఇద్దరి ఒంటరితనాలూ ఒకదానికొకటి ఆసరా అవుతాయి. చివరకు డేవిడ్ దక్కడు.

మొదటిసారి చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నవి శరీరపరీక్ష నేర్పే పుటలు. రోగి చేతిని చేతిలోకి తీసుకుని, గోళ్లూ నాడీ చర్మమూ చదివి, మనిషి కథ చెప్పగల విద్య. ఈసారి మంచం మీద నుంచి చదువుతుంటే అవే పుటలు నాకు మరోలా కనిపించాయి. అంత సూక్ష్మంగా చూడగల కన్ను తన పక్కనే ఉన్న మిత్రుడి పతనాన్ని సకాలంలో చూడలేకపోయింది. ఆ సంగతిని వర్గీస్ దాచలేదు. ఈ పుస్తకానికి ఉన్న విలువ అదే అనుకుంటాను.

ఇక నా అనుభవానికి వస్తాను. పిల్లలు హిస్టరీ తీసుకునే వరస అందరిదీ ఒకటే. జ్వరం ఎప్పటి నుంచి, చలి ఉందా, పళ్లకు వైద్యం చేయించుకున్నారా. చివర్లో 'సోషల్ హిస్టరీ' వస్తుంది. పొగ తాగుతారా? మద్యం? ఇంట్లో ఎవరున్నారు? "భార్య. పిల్లలు చదువుల కోసం దూరంగా ఉన్నారు" అంటాను. రాసుకుంటారు, కాగితం తిప్పుతారు. ఐదుగురు అలాగే చేశారు. ఆరో అమ్మాయి రాసుకున్నాక వెంటనే లేవలేదు. మంచం అవతల కుర్చీలో కూర్చున్న నా భార్య వైపు చూసి, "మేడమ్ ఎలా ఉన్నారు?" అని అడిగింది. నా భార్య నిజ్వా నుంచి వచ్చి, రువిలో తెలిసినవాళ్లింట్లో ఉంటూ, రోజూ ఉదయం నుంచి రాత్రి దాకా ఆ కుర్చీలోనే గడుపుతోంది. "బాగానే ఉన్నాను" అంది. ఆ అమ్మాయి అప్పటికీ కదలలేదు. కొంతసేపటికి నా భార్య, పదిరోజులుగా నిద్ర పట్టడం లేదని, ఈయనకు చెబితే కంగారు పడతారని చెప్పలేదని అంది. ఆమె పక్కనే పడుకున్న భర్తను, వైద్యుణ్ణి నేను. ఆ మాట నేను అడిగి ఉండలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుర్తుకు వచ్చింది నా భార్య ఒక్కతే కాదు.

మా బ్యాచ్‌లో చదువుకుంటూనే పెళ్లి చేసుకున్న జంటలు కొన్ని ఉన్నాయి. గత పదేళ్లలో వాటిలో మూడు విడిపోయాయి. ఒకదాని గురించి చెబుతాను. ఇద్దరూ నా సహాధ్యాయులే, ఇద్దరూ ఇంగ్లండులో వైద్యులు. ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. చికిత్స ముగిసిన ఏడాదిన్నరకు అతడు ఇల్లు విడిచి వెళ్లాడు. నాకు రాత్రిళ్లు ఫోన్ చేసేవాడు. నేను స్నేహితుడిలా వింటున్నాననుకుని నిజానికి హిస్టరీ తీసుకున్నాను. ఎప్పటి నుంచి? దేని గురించి గొడవ? మూడో మనిషి ఎవరైనా ఉన్నారా? అన్నీ అడిగి, అందరమూ కలిసి ఒక రోగనిర్ధారణకు వచ్చాం: "కీమో తర్వాత ఆమె మనిషే మారిపోయింది." ఆ వాక్యం మొదట ఎవరు అన్నారో తెలియదు. నేనైతే కనీసం ముగ్గురికి చెప్పాను. ఆమె మాత్రం మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నుంచి ఎప్పుడు వెళ్లిపోయిందో మాలో ఎవరమూ గమనించలేదు. కేసు ఆమెదే అయినా హిస్టరీ చెప్పింది ఇంకొకరు.

'మనిషే మారిపోయింది' అనే మాటకు వైద్యశాస్త్రంలో ఒక జవాబుంది. 2009లో 'క్యాన్సర్' అనే వైద్యపత్రికలో మైకేల్ గ్లాంట్జ్ బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికాలో మెదడు కణితులు, ఇతర క్యాన్సర్లు, మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చిన 515 మంది వివాహితులను గమనించారు. మొత్తం మీద విడిపోయినవారు 11.6 శాతం. ఇది మామూలు జనంలో ఉండే స్థాయే. కానీ ఆ సగటును విడదీసి చూస్తే, జబ్బుపడింది భర్త అయినప్పుడు విడిపోయిన జంటలు 2.9 శాతం, జబ్బుపడింది భార్య అయినప్పుడు 20.8 శాతం. జబ్బు మనిషిని మారుస్తుందన్నది నిజమే అయితే మగవాళ్లనూ మార్చాలి కదా. అలాంటప్పుడు ఇంత తేడా ఎందుకు? మారిన భర్తతో భార్యలు ఉండిపోతున్నారని, మారిన భార్యతో భర్తలు అంతగా ఉండలేకపోతున్నారని అనుకోవలసి వస్తుంది. అమెరికా లెక్కలు మనకు వర్తించవని అనవచ్చు. మన దగ్గర విడాకుల అంకెలు తక్కువ కావచ్చు, కాని ఇల్లు విడవకుండానే భార్యను విడిచిన భర్తలు ఏ లెక్కలోకి వస్తారు? నా పక్కనున్న కుర్చీ నాలుగు వారాలు ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. అది నా మంచితనం కాదు, నేను మగరోగిని కావడం వల్ల కలిగిన సౌకర్యం అని ఈ అంకెలు చెబుతున్నాయి.

ఈ వెలుగులో వర్గీస్ పుస్తకం మీద నాకు ఒక ఫిర్యాదూ, ఒక కృతజ్ఞతా ఉన్నాయి. ఫిర్యాదు ఇది: డేవిడ్‌ను మనం ఎంతో దగ్గరగా చూస్తాం, విడిపోతున్న భార్యను అంత దగ్గరగా చూడం. ఆమె గొంతు పుస్తకంలో పల్చగా వినిపిస్తుంది. మగవాళ్ల స్నేహం గురించి ఇంత ఆర్ద్రంగా రాసిన కలం ఆ గుమ్మం దగ్గర ఆగిపోయింది. కృతజ్ఞత కూడా దానికే. ఆమె మీద ఆయన ఒక్క నిర్ధారణా రాయలేదు. తన వైపు కథ చెప్పి నెగ్గాలని చూడలేదు. అవతలి మనిషి మాట మన దగ్గర లేనప్పుడు ఆ చోటును ఖాళీగా వదలడం కూడా నిజాయితీయే. మేం మా మిత్రురాలి విషయంలో ఆ ఖాళీని మాకు తోచిన మాటతో నింపేశాం.

అసలు వినడం ఎలాగో నాకు పక్క మంచం దగ్గర మళ్లీ కనిపించింది. అక్కడ ఒక పెద్దాయన, ఇక్కడివాళ్లు గౌరవంగా షైబా అంటారు. గుండె వైఫల్యంతో చేరాడు. కేస్ షీట్‌లో ఆయన గురించి 'మందులు సరిగా వాడడు' అని ఉందని రౌండ్స్‌లో విన్నాను. అదే అమ్మాయి వచ్చి పలకరించింది. పిల్లలు, ఊరు, తోట, వానలు, అన్నీ ఒకటొకటిగా అడిగింది. అన్నింటికీ "అల్‌హమ్‌దులిల్లా, అంతా మంచిదే" అని జవాబు. ఆయన కొడుకు చిన్న కప్పులో కహ్వా పోశాడు, ఖర్జూరాలు జరిపాడు. ఆమె కాదనలేదు. కప్పు ఖాళీ అయ్యాక పెద్దాయన తనంతట తానే చెప్పాడు: నెల కిందట భార్య పోయింది. మందులు ఏ పూటకు ఏవో పెట్టి ఇచ్చేది ఆమె.

ఈ పద్ధతి ఈ నేలకు కొత్త కాదు. 1940లలో సలాలా నుంచి బయలుదేరి ఎడారిని దాటిన విల్‌ఫ్రెడ్ థెసిజర్ 1959లో వచ్చిన 'అరేబియన్ శాండ్స్'లో దీని గురించి రాశాడు. ఎడారిలో ఇద్దరు కలిస్తే ముందు ఖబర్ అడుగుతారు. ఏం జరిగినా మొదటి జవాబు 'కబురు మంచిదే' అని. చావులైనా, దోపిడీలైనా తర్వాతనే, కూర్చున్నాక, కాఫీ తాగాక బయటికి వస్తాయి. మన 'కబురు' కూడా ఆ 'ఖబర్' నుంచి వచ్చినదే. మాటను తెచ్చుకున్నాం కానీ దాని వెనక ఉన్న ఓపికను మాత్రం తెచ్చుకోలేదు. మనకు 'బాగున్నారా' అంటే 'బాగున్నాం' దగ్గరే సంభాషణ ముగుస్తుంది. వైద్యులం మరీ అధ్వాన్నం. రోగి మాట మొదలుపెట్టిన సగటున 18 సెకన్లలో వైద్యుడు అడ్డు తగులుతున్నాడని 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. వర్గీస్ 2008లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో రాసిన వ్యాసంలో, మంచం మీది మనిషి కన్నా కంప్యూటర్‌లోని రోగికే మనం ఎక్కువ సేవ చేస్తున్నామని బాధపడ్డాడు. నా వార్డులోనూ అంతే. మంచం దగ్గర ఇద్దరుంటే తెర ముందు ఆరుగురు.

శిక్షణలో ఉన్న పిల్లలను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లకు ప్రశ్నల జాబితా ఇచ్చింది మేమే. పరీక్షలో మార్కులు ప్రశ్న అడిగినందుకు ఇచ్చాం, జవాబు పూర్తయ్యేదాకా కూర్చున్నందుకు ఎప్పుడూ ఇవ్వలేదు. 'ఇంట్లో ఎవరున్నారు' అన్నది టిక్కు పెట్టి వదిలేసే గడి కాకూడదని, దాని తర్వాత 'వాళ్లెలా ఉన్నారు' అని మరో ప్రశ్న ఉండాలని, ఆ తర్వాత కాసేపు ఏమీ అడగకూడదని నేర్పాలి. స్నేహితుల పెళ్లిళ్లు విరిగినప్పుడు మనం చేయగలిగిందీ అంతకన్నా ఎక్కువేమీ లేదేమో. తప్పెవరిదో తేల్చడం మన పని కాదు. ఇద్దరి దగ్గరికీ వెళ్లడం మాత్రం మన పనే.

ఇంటికి వచ్చిన రెండో వారంలో ఆమెకు ఫోన్ చేశాను. ఆరేళ్ల తర్వాత. "ఏరా, బతికే ఉన్నావా!" అని నవ్వింది. నా జబ్బు గురించి వైద్యురాలిలా ఆరా తీసింది. ఏ కవాటం, ఏ బాక్టీరియా, ఎన్ని వారాలు. అన్నీ చెప్పి, "నువ్వెలా ఉన్నావు?" అన్నాను. "బాగానే ఉన్నాను" అంది. నేను ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టనూ లేదు. అవతల కెటిల్‌లో నీళ్లు మరుగుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. 18 సెకన్ల కన్నా చాలా ఎక్కువసేపే గడిచింది.

అప్పుడు ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.