రెండు పీఠముల విమానము

విమానమనఁగానే మనవారు వందలమందిని మోసికొనిపోవు లోహపక్షినే తలఁతురు. గురుశిష్యులు ప్రక్కప్రక్కనఁ గూర్చుండి యెగురు చిన్నవిమానమే వైమానికునకు పలకాబలపమని మఱతురు.

1958లో బెంగుళూరు హిందూస్థాన్ కర్మాగారమున ఘాటగేగారి పర్యవేక్షణమున రూపొందిన 'పుష్పక్' యెగిరెను. అట్టివి నూఱింటికి మించి నిర్మింపఁబడి వైమానిక సంఘములకుఁ జేరెను. 1993లో నా నగరముననే జాతీయ వైమానిక పరిశోధనాలయమువారి 'హంస' యెగిరెను. దాని యొడలు లోహము గాదు. గాజునారను జిగురులోఁ దడిపి పొరపొరగాఁ బేర్చి గట్టిపఱచినది, తేలిక, త్రుప్పుపట్టదు. 2000లో ప్రభుత్వ యోగ్యతాపత్రము లభించెను. లభించి యేమి? తరువాతి రెండు దశాబ్దములలోఁ దయారైనవి పదునైదింటికి లోపే! శిక్షణశాలలు విదేశపు సెస్నాలనే కొనుచుండెను.

2021 సెప్టెంబరు 3వ తేదీని నూతన హంస గగనమున కెగసెను. మఱుసటియేఁడు చళ్లకెరెయొద్ద ఆకాశమధ్యమున యంత్రము నాపి, మరల నడిపించి పరీక్షించిరి. ఆ చోదకుల ధైర్యమును శ్లాఘింపకుండ నుండఁజాలము. అయినను, ఆ 100 అశ్వశక్తి యంత్రము ఆస్ట్రియా దేశపు రోటాక్సు. గుండెకాయ నెరవుదెచ్చుకొన్న హంసను సంపూర్ణ స్వదేశి యని మేమనఁజాలము.

2025లో నిర్మాణభారము నొక ప్రైవేటు సంస్థ కొప్పగించిరి. మంచిదే. ఒప్పందపత్రమునకు ఱెక్కలు మొలవవని న్యాయవాదవృత్తిలో నున్న మే మెఱుఁగుదుము. కొనువారుండవలెను. ప్రభుత్వధనముతో నడచు శిక్షణశాలలు మొదట హంసనే కొనవలెనని శాసించుట కడ్డేమి?