పొయ్యి మనదే, పొగ మన సంస్కృతి కాదు



మొన్న మనోళ్లొకరు ఒక ఫొటో పెట్టారు. మసిబారిన గోడ, కట్టెల పొయ్యి, గొట్టంతో ఊదుతున్న ఒక అమ్మ. కింద "ఇదే మా సంస్కృతి" అని రాశారు. నేనూ లైకు కొట్టాను. తర్వాత మా అమ్మ గుర్తొచ్చి సిగ్గేసింది.

మా అమ్మకి రెండేళ్లుగా దగ్గు, ఆయాసం. సంత నుంచి కొండెక్కి ఇంటికి రావాలంటే నాలుగు చోట్ల కూర్చోవాలి. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగిన మాట "చుట్ట తాగుతావా?" అని. అమ్మ తాగదు. "వంట దేని మీద చేస్తావు?" అని మాత్రం ఆయన అడగలేదు. డిగ్రీ చదివినోణ్ణి, చెప్పాలని నాకూ తట్టలేదు. ముప్పై ఏళ్లు ఆ పొగ ముందు కూర్చున్న మనిషి ఆమె!

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. ఇంట్లో వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో రెండు లక్షల మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలే. కట్టె పొగలో ఉండే సన్నటి నుసి మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి పోతుంది. పెద్దోళ్లకి ఆయాసం, కంటి శుక్లాలు, పసిపిల్లలకి నిమోనియా తెస్తుంది.

"సిలిండర్లు ఇచ్చాం కదా" అంటది ప్రభుత్వం. 2016 మే 1న ఉజ్వల మొదలైంది. దేశంలో 10 కోట్లకు పైగా కనెక్షన్లు ఇచ్చామని చెబుతున్నారు. ఇచ్చినవి లెక్కపెట్టారు సరే, మన కొండల మీద ఎన్నిసార్లు మళ్లీ నిండాయో ఊరూరా చెప్పండి! 14.2 కిలోల గ్యాసు, దానికి ఇనుప బండ బరువు కలిపితే 30 కిలోలు. బండి కొండ కిందే ఆగిపోతే అది నెత్తి మీదే ఎక్కాలి. ఆంధ్రలో 2024 నవంబరు నుంచి ఏడాదికి మూడు ఉచితం అన్నారు. కానీ ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది అనే పద్ధతితో మొదలుపెట్టారు. కాఫీ, మిరియాల డబ్బు చేతికి రాని నెలల్లో ఆ ముందు డబ్బు ఎక్కడిది? కట్టెల మోపు మాత్రం డబ్బు అడగదు.

ఇంకోపక్క "మీరే అడవి నరికేస్తున్నారు" అని మనమీదే నింద. ఎండుపుల్లలు ఏరుకునే ఆడమనిషి దొంగ, గనికోసం కొండ తవ్వేవోడు దొర!

ఇప్పుడు మన సంగతి. జల్, జంగల్, జమీన్ అని గొంతు చించుకుంటాం. మన అమ్మ పీల్చే గాలి ఏ లెక్కలోకి వస్తది? మగోళ్లం అరుగు మీద కూర్చుని హక్కులు మాట్లాడుతుంటే, లోపల ఊదేది అమ్మ, చెల్లి. అందుకే ఈ మాట మన సభల్లో ఇప్పటిదాకా రాలేదు.

పొయ్యి మీద నాకు కోపం లేదు. చింతపల్లి, లంబసింగి చలిలో అదే మనల్ని కాపాడింది. పొయ్యి పైన వేలాడే మొక్కజొన్న కంకులు మన విత్తనాలు. వాటికి పొగ కావాలి, మనకి వద్దు. పొగ బయటికి పోయే దారి ఇంటికి ఉండాలంతే.

కాబట్టి వచ్చే గ్రామసభలో ఇవి తీర్మానం రాయించండి. సిలిండర్ ఊళ్లోకి రావాలి, ముందు డబ్బు అడక్కూడదు. జన్‌మన్ కింద కట్టే ప్రతి ఇంటికీ పొగగొట్టం ఉన్న వంటగది ఉండాలి. రోడ్డుకి అటవీ శాఖ అడ్డొస్తే 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) చూపించండి. గ్రామసభ సిఫారసుతో రోడ్డుకి అడవి భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది చేద్దాం. పచ్చి కట్టె వాడొద్దు, ఎండినదే పొగ తక్కువ. తలుపు తీసి వండండి, పసిబిడ్డని పొయ్యి దగ్గర పడుకోబెట్టొద్దు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తే, డాక్టరు అడగకపోయినా పొయ్యి సంగతి మీరే చెప్పండి.

ఈ రాత్రి అమ్మ వండేటప్పుడు పక్కన కాసేపు కూర్చో తమ్ముడూ. కళ్లు మండితే, సభకి నువ్వే రా.

జై ఆదివాసీ!