నీటి అంచు ఎవరి వాటా?

సింగపూర్‌లోని బుకిట్ పంజాంగ్‌లో మెరీనా కట్టడం కుదరని పని. బుకిట్ తిమా అడవి పక్కన, ద్వీపం లోపలికి ఒదిగిన శివారు అది. సముద్రం కావాలంటే రైలెక్కి పోవాలి. అక్కడ నీళ్లంటే పాంగ్ సువా చెరువే. మర్యాదకు చెరువంటాం గానీ, నిజానికి అది వాన నీరు పట్టి ఉంచే గుంట. సింగపూర్ జలసంస్థ పీయూబీ 2006లో మొదలుపెట్టిన ఏబీసీ వాటర్స్ పథకం కింద దానిపై తేలే నడకదారి, తేలే మొక్కల మడులు వెలిశాయి. చుట్టూ ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ కట్టిన బ్లాకులు. పిల్లల దగ్గరికి వచ్చిన మన తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఆ దారిలో నడుస్తారు. గేటు లేదు, చిట్టీ లేదు, ఏ బ్లాకులో ఉంటారని అడిగే వాచ్‌మన్ లేడు.

కిటికీలోంచి నీళ్లు కనిపిస్తే ఇంటి ధర పెరగడం ఎక్కడైనా ఉన్నదే. ఆ పెరిగిన విలువ ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గరే ఊళ్లు వేరవుతాయి. ఈ ఒక్క ప్రశ్నకు సింగపూర్ రెండు రకాల జవాబులు ఇచ్చింది. ఆ రెండిట్లో మన ప్రభుత్వాల కంటికి ఆనింది ఒకటే అని నా అనుమానం.

మొదటి జవాబు సెంటోసా కోవ్. సముద్రాన్ని పూడ్చి తీసిన నేలతో కలిపి 117 హెక్టార్లు. ఇంటి వెనక కాలువ, కాలువలో సొంత పడవ, పక్కనే 2007లో తెరిచిన వన్ డిగ్రీ ఫిఫ్టీన్ మెరీనా. శాశ్వత నివాస హోదా లేని విదేశీయుడు కూడా అనుమతి తీసుకుని నేలతో సహా ఇల్లు కొనగలిగేది ఆ దేశంలో అక్కడొక్కచోటే. అదీ 99 ఏళ్ల లీజుకే. డబ్బున్నవాళ్లను రప్పించడానికి కట్టిన పేట అది, ఆ సంగతి ఎవరూ దాచలేదు. తర్వాత అదే ప్రభుత్వం విదేశీయులు ఇల్లు కొంటే వేసే అదనపు స్టాంపు డ్యూటీని పెంచుకుంటూ పోయి, 2023 ఏప్రిల్‌లో 60 శాతం చేసింది.

రెండో జవాబు పుంగోల్. ఒకప్పుడు పందుల పెంపకానికి, సముద్రపు చేపల హోటళ్లకు పేరుపడ్డ ఊరు. 1996లో అప్పటి ప్రధాని గో చోక్ టాంగ్ ‘పుంగోల్ 21’ ప్రకటించారు. మరుసటి ఏడాది ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చిపడింది, పనులు నత్తనడక పట్టాయి. 2007లో అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ ఆ ఆలోచనను మళ్లీ బయటికి తీశారు. రెండు నదుల ముఖాలకు ఆనకట్టలు కట్టి జలాశయాలు చేశారు. ఆ రెండింటినీ కలుపుతూ 4.2 కిలోమీటర్ల కాలువ తవ్వి 2011లో తెరిచారు. ఆ కాలువ మీదికి చూసే ఇళ్లలో హెచ్‌డీబీ కొత్త ఇళ్ల పథకం బీటీఓలో దరఖాస్తు పెట్టుకుని, లాటరీ తగిలి, సీపీఎఫ్ పొదుపు డబ్బుతో వాయిదాలు కట్టే కుటుంబాలవి ఎన్నో. ఒడ్డు వెంట మాత్రం ఎవరైనా సైకిల్ తొక్కొచ్చు.

ఇందులో దయాగుణం వెతకనక్కర్లేదు. సింగపూర్ నేలలో మూడింట రెండు వంతులు తాగునీటి కోసం వాన పట్టే క్షేత్రమే. శివారు కాలువ నీళ్లు రేపు కుళాయిలోకి రావచ్చు. కాబట్టి ప్లానులో ముందు కాలువ గీత పడుతుంది, తర్వాత దాని పక్కన దారి, ఆ తర్వాతే ఇల్లు. ఆ వరస తిరగబడకపోవడమే రహస్యం. నీటి అంచు ఎవరికి ఇస్తున్నారో ఇంకో చోట చూడండి. కెపెల్ క్లబ్ గోల్ఫ్ మైదానం లీజు 2021లో ముగిసింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఆ స్థలంలో ఇప్పుడు వేల ఇళ్లు రాబోతున్నాయి, ఎక్కువ భాగం హెచ్‌డీబీవే. మంచి చోట కట్టిన ‘ప్లస్’, ‘ప్రైమ్’ తరగతి ఫ్లాట్లను పదేళ్లదాకా అమ్మకూడదు. అమ్మినప్పుడు సబ్సిడీలో కొంత వెనక్కి కట్టాలి. లాటరీ తగిలినవాడికి నీటి అందం లాభంగా మారకుండా వేసిన కట్టడి ఇది.

దీని వెనక ఒక మొరటు నిజం ఉంది. అక్కడ నేలలో చాలా భాగం ప్రభుత్వానిదే. 1966 నాటి భూసేకరణ చట్టంతో చవకగా తీసుకున్నదీ అందులో ఉంది. పూర్తి మార్కెట్ ధర ఇవ్వడం 2007లో గానీ మొదలుకాలేదు. కంపుంగ్‌లు (పల్లెలు) ఖాళీ అయ్యాయి, పందులు పెంచినవాళ్లు వేరే బతుకులు వెతుక్కున్నారు. కాబట్టి ‘సింగపూర్‌లా చేద్దాం’ అనే మాట మన దగ్గర సాధారణంగా చెల్లదు. హైదరాబాద్‌లో చెరువు శిఖం భూముల్లో సగానికి పట్టాలుంటాయి, మిగతా సగానికి కోర్టు కేసులుంటాయి. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్ వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతూనే ఉంది. ‘లేక్ వ్యూ’ బ్రోషర్లూ అచ్చవుతూనే ఉన్నాయి. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చి బుల్డోజర్ తిప్పాక గానీ, ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటో కొన్నవాళ్లలో చాలామందికి తెలియలేదు. అనుమతి ఇచ్చిన సంతకాలకు మాత్రం బుల్డోజర్ తగలలేదు.

కానీ నేల ప్రభుత్వం చేతిలో లేదన్న సాకు చెల్లని చోటు తెలుగు నేల మీద ఒకటి ఉంది: అమరావతి. 2015లో ల్యాండ్ పూలింగ్‌లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. కృష్ణ ఒడ్డున ఏడాదికి మూడు పంటలు పండే జరీబు భూములూ అందులో ఉన్నాయి. అంటే సింగపూర్ పాలకులకు చిక్కిన వీలు, నీటి అంచున నేల ఒక్క చేతిలో ఉండడం, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్డీఏకూ చిక్కింది. మాస్టర్ ప్లాన్ గీసింది కూడా సింగపూర్ సంస్థలే. అందులో సుర్బానా ఒకప్పటి హెచ్‌డీబీ నిర్మాణ విభాగం నుంచి పుట్టినదే. అంటే పాంగ్ సువా చుట్టూ బ్లాకులు కట్టిన సంస్థ వారసులే మన నదీ తీరానికి బొమ్మ గీశారన్నమాట. అయినా జనం నోట నానింది వేరే బొమ్మ. నది పక్కన 1,691 ఎకరాల స్టార్టప్ ఏరియాను అసెండాస్–సెంబ్‌కార్ప్ కన్సార్షియానికి అప్పగించడం, గాజు భవనాలు, పడవలు. 2019లో ప్రభుత్వం మారాక ఆ ఒప్పందం రద్దయింది. ఇప్పుడు రాజధాని పనులు మళ్లీ మొదలయ్యాయి. తీరం సంగతి కూడా మళ్లీ ముందుకు వస్తుంది.

కొండవీటి వాగు ముంపును పక్కనబెట్టి తీరం గురించి మాట్లాడడం వృథా. వాన గట్టిగా కురిస్తే రాజధాని పొలాల్ని ముంచేది ఆ వాగే. 2018లో ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పెట్టి ఆ నీటిని కృష్ణలోకి తోడే ఏర్పాటు చేశారు. పాంగ్ సువా లాంటి గుంటలు, వాగు వెంట నడకదారులు అక్కడ ముందు రావాలి. నది ఒడ్డున మెరీనాలు, విల్లాలు ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు. పెట్టుబడులు రావాలంటే ఒక సెంటోసా కోవ్ కూడా ఉండాలని ఎవరైనా అంటే నేను కాదనను. దాన్నీ లీజుకివ్వండి, అమ్మకండి. నీటికీ తొలి ప్రహరీకీ మధ్య దారి వదలండి.

ఆ దారి ఎన్ని మీటర్ల వెడల్పో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సీఆర్డీఏ సర్వే నంబర్లతో సహా గెజిట్‌లో అచ్చు వేయాలి. తీరంలో ఒక్క ప్లాటు కేటాయించకముందే వేయాలి. భూమి ఇచ్చిన రైతులు ఈ ఒక్కటీ రాతపూర్వకంగా అడగాలి.