మూలనున్న పాత కంప్యూటరును అమ్మొద్దు



మన కంప్యూటర్ గదిలో మూలన డబ్బా మానిటర్‌తో ఒక పాత కంప్యూటరు ఉంది. అందులో ఉన్నది విండోస్ 98. ఈ సెలవుల్లో దాన్ని తుక్కు కింద అమ్మేస్తారని విన్నాను. అమ్మొద్దని నా అభిప్రాయం.

అందులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఉంది. 1989లో అమెరికాలో జోర్డాన్ మెక్నర్ అనే ఆయన తయారుచేశాడు. తన తమ్ముడు పరుగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, అది చూసి బొమ్మలు గీశాడు. అందుకే అందులో అబ్బాయి నిజం మనిషి లాగే అంచు పట్టుకుని వేలాడతాడు. 60 నిమిషాల్లో రాకుమారిని విడిపించాలి. తొందరపడి దూకితే ఊచల మీద పడి చస్తాం.

ఆ ఆట సీడీని కొత్త కంప్యూటరులో పెట్టి చూశాం. ఆడలేదు. పాడైపోయిందన్నారు కొందరు. పాడవలేదు. అది డాస్ కోసం రాసిన 16 బిట్ల ఆట. కొత్తదాంట్లో ఉన్నది 64 బిట్ల విండోస్. దానికి ఆ మాట అర్థం కాదు, అంతే.

నేను మూడో తరగతిలో ఇక్కడికి వచ్చినప్పుడు నాకు కోయ తప్ప ఏమీ రాదు. టీచరు అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడేదాన్ని. నాకు బుర్ర లేదనుకున్నారు. ఒక అక్క పక్కన కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్పింది. అప్పుడు లెక్కలు చేశాను. డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాం ఆ అక్క చేసిన పనే చేస్తుంది. అది వేస్తే డాస్ ఆటలు కొత్త కంప్యూటరులోనూ ఆడతాయి.

"మరి పాతది ఎందుకే?" అంటారు. కొత్తవాటిని పరీక్షలకు, దరఖాస్తులకు దాచిపెడతారు. పాడైపోతాయని చిన్నవాళ్లను ముట్టుకోనివ్వరు. పాతదాని దగ్గర ఆ భయం లేదు. నాకు మౌస్ పట్టడం వచ్చింది అందులో సాలిటేర్ ముక్కలు జరిపే. మేడం గారూ, అది డబ్బుల పేకాట కాదండి!

ఒక మాట ఒప్పుకోవాలి. విండోస్ 98కి కంపెనీ 2006 జూలైలోనే మరమ్మతులు ఆపేసింది. వైరస్ వస్తే కాపాడేవాళ్లు లేరు. కాబట్టి దానికి నెట్ పెట్టొద్దు. ఆఫీసు పెన్‌డ్రైవ్ గుచ్చొద్దు. మన మార్కులు, ఆధార్ నంబర్లు అందులో ఉంచొద్దు. ఆటలకే ఉంచుదాం. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు, ముందు చిన్నవాళ్లు. వంతుల పుస్తకం నేను రాస్తాను.

ఆ మెక్నర్ తన ఆట ప్రోగ్రాం ఉన్న ఫ్లాపీలు పోయాయనే అనుకున్నాడు. 2012లో వాళ్ల నాన్న దగ్గర ఒక పెట్టెలో దొరికాయి. పాత మిషన్లు తెలిసినవాళ్లు సాయం చేస్తేనే వాటిని చదవగలిగారు. ఆ పెట్టెను ఎవరో పారేసి ఉంటే? తుక్కులో వేయడం ఒక్క నిమిషం పని, మళ్లీ తేవడం ఎవరివల్లా కాదు.

ఇది నా అభిప్రాయం. కాదన్నవాళ్లు కూడా రాసి దీని పక్కనే అతికించండి.

— 9వ తరగతి విద్యార్థిని