అంగట్లో ఏ ఆట పెట్టాలో ఎవరు చెప్పాలి?

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఫోను పట్టుకుని వచ్చి ‘మామా, ఒక ఓటెయ్యి’ అన్నాడు. ఏ పార్టీకిరా అంటే నవ్వాడు. ఓటు ఆటకట. పెద్ద కంపెనీ సొమ్ము లేకుండా ఒకరో ఇద్దరో ఇంట్లో కూర్చుని చేసుకునే కంప్యూటర్ ఆటల్ని ఇండీ గేములంటారు. అలాంటిదొకటి మావాడికి ప్రాణం. పోలెండులో పుట్టిన జీఓజీ అనే ఆన్‌లైన్ అంగడి దాన్ని అమ్మడం లేదు. ఏయే ఆటలు కావాలో కొనేవాళ్లే ఓటేసి చెప్పేందుకు ఆ అంగడి 2025 జనవరిలో ‘డ్రీమ్‌లిస్ట్’ అని ఒక జాబితా తెచ్చింది. వాడి ఆటకు అప్పటికి వంద ఓట్లు కూడా లేవు. పేరుమోసిన పాత ఆటలకేమో వేలకు వేలు. ఖాతా తెరిపించి నా చేత వేయించాడు. వేశాను గానీ, ఇది పద్ధతేనా అన్న అనుమానం మాత్రం పోలేదు.

ఎందుకంటే ఈ ఓట్ల పద్ధతిని ఒకసారి పెద్దయెత్తున చేసి చూశారు. అమెరికాలో వాల్వ్ కంపెనీ 2003లో మొదలుపెట్టిన ‘స్టీమ్’ ఇవాళ కంప్యూటర్ ఆటలమ్మే అంగళ్లలో అన్నిటికన్నా పెద్దది. మొదట్లో ఏది అమ్మాలో కంపెనీ మనుషులే తేల్చేవారు. చిన్నవాళ్లు ఆట పంపించి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చునేవారు. ఆ బాధ తీరుద్దామని 2012 ఆగస్టు 30న ‘గ్రీన్‌లైట్’ పెట్టారు. ఆట చేసినవాడు బొమ్మలు, వీడియో పెడతాడు. ఇది అమ్మకానికొస్తే కొంటారా అన్నదానికి జనం ఓటేస్తారు. పెట్టీ పెట్టగానే ఉత్తుత్తి ఆటలు వచ్చి పడ్డాయి. దాంతో సెప్టెంబరులో 100 డాలర్ల రుసుం వేసి, ఆ డబ్బును ఆసుపత్రుల్లోని పిల్లలకు సాయం చేసే ‘చైల్డ్స్ ప్లే’ సంస్థకు ఇచ్చారు. ఆ నెలలోనే మొదటి పది ఆటలు గట్టెక్కాయి.

ఆ పదింటిలో మూడింటి కథ చెబుతాను. ‘కెన్షి’ని బ్రిటన్‌లో క్రిస్ హంట్ అనే ఆయన ఒంటరిగా మొదలుపెట్టాడు. ఎడారిలో దిక్కులేనివాడిగా బతుకు ప్రారంభించి, తన్నులు తిని, ఆకలికి ఓర్చి నిలబడాలి. అదీ ఆట. అది పూర్తయ్యేసరికి 2018 డిసెంబరు అయింది. ఆడినవాళ్లు ఇప్పటికీ వదలరు. ‘టౌన్స్’ అనే ఊళ్లు కట్టే ఆటను పూర్తికాకముందే అదే ఏడాది అమ్మకానికి పెట్టారు. 2014లో పని ఆపేశారు. డబ్బిచ్చినవాళ్లకు సగం కట్టిన ఊరు మిగిలింది. చంద్రుడి మీద భయపెట్టే ‘రొటీన్’ అయితే 2025 డిసెంబరుకు గానీ బయటికి రాలేదు. ఓటేసినప్పుడు పదమూడేళ్ల కుర్రవాడికి ఆట చేతికొచ్చేనాటికి ఇరవయ్యారేళ్లు!

ఓటేసేవాడికి వీడియో కనిపిస్తుంది. చేసేవాడి ఓపిక, చేతిలో డబ్బు ఎన్నాళ్లకు సరిపోతాయో కనిపించదు కదా.

గ్రీన్‌లైట్ వల్ల మేలు జరగలేదని అంటే అబద్ధమే అవుతుంది. ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని చేసిన వ్యవసాయం ఆట ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ ఆ దారినే వచ్చింది. ఆ దారిన వచ్చిన ఆటల్లో వందకు పైగా ఒక్కొక్కటీ కనీసం పది లక్షల డాలర్లు సంపాదించాయని 2017లో వాల్వే చెప్పింది. కానీ రానురాను ఓట్లూ బేరానికొచ్చాయి. ఓటేస్తే ఆట ఉచితంగా ఇస్తామన్న బేరాలు సాగాయి. జనాన్ని పోగేసే నేర్పు ఉన్నవాడు ముందుకొచ్చాడు. లేనివాడు అడుగునపడ్డాడు. పాతకాలపు యుద్ధ పటాల ఆటలు, రైళ్ల టైంటేబుళ్ల ఆటలు ఉంటాయి. వాటికి ఉండేదే నాలుగైదు వందల మంది. అయితే ఆ నాలుగైదు వందల మందీ ఏళ్లకేళ్లు ఆడతారు. పదేళ్లు ఆడేవాడిదీ ఒక్క ఓటే, బొమ్మ చూసి వేలు నొక్కి పోయేవాడిదీ ఒక్క ఓటే. నాకు నచ్చనిది అక్కడే.

2017 జూన్‌లో గ్రీన్‌లైట్ మూసేశారు. ఇప్పుడు ఆటకు 100 డాలర్లు కడితే ఓట్లతో పనిలేదు. వెయ్యి డాలర్ల అమ్మకం జరిగితే ఆ వందా తిరిగొస్తుంది. తలుపు బార్లా తెరిచినట్టే. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా ఆటలు దిగాయి. అందులో ఎవరికి ఏది చూపాలో ఎక్కువగా కంప్యూటర్ లెక్కలే తేలుస్తున్నాయి. కాదన్నవాడెవడో తెలియదు, అడగడానికి మనిషి దొరకడు.

జీఓజీ మాత్రం ఏరి అమ్ముతామంటుంది. ఏరేవాళ్లు పొరబడరా? పడ్డారు. రసవాద యంత్రాలు బిగించే ‘ఓపస్ మాగ్నమ్’ను 2017లో, చూడబోతే ఫోన్ ఆటలా ఉందని వద్దన్నారు. కాదు మొర్రో అని ఆడినవాళ్లు వాదించారు. 2018 జనవరిలో అదే అంగట్లో అది అమ్మకానికి వచ్చింది. తప్పు చేసినా దిద్దుకున్నారు. 2020 డిసెంబరులో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. తైవానువాళ్లు చేసిన ‘డివోషన్’లో చైనా అధ్యక్షుణ్ణి వెక్కిరించే కాగితం ఒకటి దాగి ఉందని అంతకుముందే, 2019లో, పెద్ద రగడ అయింది. దాన్ని అమ్ముతామని జీఓజీ ప్రకటించి, గంటలు తిరక్కముందే వెనక్కు తగ్గింది. గేమర్ల నుంచి బోలెడు సందేశాలు వచ్చాయట. ఆ గేమర్లెవరో, ఏమన్నారో చెప్పలేదు. చేసినవాళ్లు 2021లో సొంత అంగడి పెట్టుకుని అమ్ముకున్నారు. ‘జనం అడిగారు’ అన్న మాటను ఇలా కూడా వాడుకోవచ్చన్నమాట.

ఈ తలల లెక్క సరిహద్దుకు ఇవతల ఉన్న మనకు కొత్తది కాదు. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలుంటే వాళ్ల మాతృభాషలో చెప్పే పంతులును వేయాలని 1949లో విద్యామంత్రుల సదస్సు తీర్మానించింది. అమలు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఆ నియమంలో ఒక న్యాయం ఉంది. తమిళం, కన్నడం, ఒడియా చదివేవాళ్లకంటే ఎక్కువమంది ఉండాలని అది అనలేదు. ఎవరు ఎక్కువని పోటీ పెట్టి ఉంటే హోసూరులో గానీ రాయగడలో గానీ మనవంతు ఎప్పటికొచ్చేది? నలభై చాలంది, అంతే.

మా వీధిలో ఒకప్పుడు బాడుగకు పుస్తకాలిచ్చే అంగడి ఉండేది. గిరాకీ అంతా తమిళ వారపత్రికలకే. అయినా అంగడాయన ఒక నోటుబుక్కు పెట్టుకున్నాడు. ఫలానా తెలుగు నవల బాడుగకు తీసుకుంటామని ముగ్గురు ముందుగా పేర్లు రాయిస్తే, తిరుపతి పోయినప్పుడు తెచ్చేవాడు. నాలుగోవాడు వస్తాడా రాడా అని చూసేవాడు కాదు.

జీఓజీ చేయాల్సిందీ అదేనని నా అభిప్రాయం. ప్రతి ఆటనూ పరీక్షించాలి, కొన్నవాడికి ఇబ్బంది వస్తే జవాబు చెప్పాలి. దానికి మనుషులు కావాలి, ఖర్చవుతుంది. ఒప్పుకుంటాను. అందుకే ఉత్త ఓటు కాకుండా, వస్తే ఇంత డబ్బు పెట్టి కొంటామని ముందే మాటిచ్చేవాళ్లను లెక్కపెట్టాలి. మూడు వందలో ఐదు వందలో, దాటాల్సిన గీత ఒకటి గీయాలి. ఆ గీత దాటిన ఆటను అంగడి మనిషి స్వయంగా ఆడి చూడాలి. వద్దంటే ఎందుకు వద్దో రాయాలి. ఓపస్ మాగ్నమ్ విషయంలో వాదించడానికి వీలైంది కారణం తెలియబట్టే.

ఇదంతా చెబితే మావాడు ‘సరే గానీ మామా, అమ్మ చేత కూడా వేయిస్తా ఉండు’ అని వంటింట్లోకి పోయాడు. మా అక్క చెయ్యి తుడుచుకుంటూ ‘ముందు ఆటేందో నాకు చూపియ్యి’ అంది. అరగంట పక్కన కూర్చుని చూసి, తర్వాత వేసింది.